జలపాతం మీది సౌధం

సమతలమైన నేల మీద ఇల్లు కట్టదలచినవాడు ముందుగా తన అవసరాలను చూచుకొంటాడు. గదులెన్ని, వాకిలి ఏ దిక్కున, వంటిల్లు ఎక్కడ అనే ప్రశ్నలకు సమాధానం దొరికితే సగం పని ముగిసినట్లే. కొండవాలు మీద ఇల్లు కట్టదలచినవానికి ఆ స్వేచ్ఛ లేదు. వాన పడినప్పుడు నీరు ఏ దారిన పరుగెత్తుతుంది, బండ ఎంత లోతున ఉన్నది, మట్టి దేనిని పట్టుకొని నిలిచినది అనేవి అతడు ముందుగా తెలిసికొనవలె. ధనమెంత ఉన్నా ఈ ప్రశ్నలను తప్పించుకొనుటకు వీలు లేదు. పైగా ఇల్లు ఎంత పెద్దదయితే ఆ ప్రశ్నలు అంత కఠినమవుతాయి.

ఇందుకు సామాన్యంగా అవలంబించే మార్గమొకటి కలదు. కొండను కొంతమేర తొలిచి, ఆ మట్టిని దిగువన పోసి, మెట్టువలె చదును చేసి, దాని మీద మామూలు ఇల్లే కట్టుదురు. చూచుటకు ఇది సులభమే. కాని తొలిచిన చోట నేల గట్టిగా ఉంటుంది, పోసిన చోట వదులుగా ఉంటుంది. ఇల్లు రెంటి మీదా నిలిచినప్పుడు ఒక వైపు కదలదు, మరొక వైపు కొంచెం కొంచెంగా కుంగుతుంది. గోడలు బీటలు వారుతాయి. ఎగువన తొలిచిన మట్టి జారకుండా అడ్డుగోడ కట్టవలె. ఆ గోడ వెనుక వాననీరు చేరితే, మట్టి బరువుకు నీటి బరువు తోడై గోడను ముందుకు త్రోస్తుంది. అందువల్లనే అనుభవం గల మేస్త్రీలు అట్టి గోడలో నీరు కారిపోవుటకు వరుసగా రంధ్రాలు విడిచిపెడతారు.

ఇంటికి తగినట్లు కొండను మలచుట ఈ మార్గం. కొండకు తగినట్లు ఇంటిని మలచుట మరొక మార్గం. ఈ రెండవ మార్గాన కట్టిన ఇండ్లలో ప్రపంచమంతట పేరుపొందినది అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు ఫాలింగ్‌వాటర్. అది ఒక సంపన్నుని విహారగృహం. దానిని కట్టుటలో ఒక మహాశిల్పి ఊహకు, కొందరు ఇంజనీర్ల లెక్కకు మధ్య నడచిన వివాదం ఆరు దశాబ్దాల తరువాతగాని పరిష్కారం కాలేదు.

అడవిలోని సెలయేరు

ఎడ్గార్ కాఫ్‌మన్ పిట్స్‌బర్గు నగరంలో పెద్ద డిపార్టుమెంటు స్టోరుకు యజమాని. పిట్స్‌బర్గు ఆనాడు ఉక్కు కర్మాగారాలకు, బొగ్గు పొగకు పేరుపడిన నగరం. ఆ పొగ నుండి తప్పించుకొనుటకు కాఫ్‌మన్ కుటుంబం వారు నగరానికి ఆగ్నేయంగా ఉన్న కొండల లోనికి పోతూ ఉండేవారు. అక్కడ అడవి నడుమ బేర్ రన్ అనే సెలయేరు రాతి అంచుల మీదుగా జలపాతమై దూకుతుంది. ఆ జలపాతం పైనున్న ఒక పెద్ద బండ మీద కూర్చుండి ఎండ కాచుకొనుట వారికి చాల ఇష్టం. అచ్చటి తమ చిన్న కొయ్య ఇల్లు శిథిలం కాగా, మంచి ఇల్లొకటి కట్టించుకొనవలెనని వారు నిశ్చయించుకొన్నారు.

వారి కుమారుడు 1934లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి నడిపే శిక్షణాలయంలో చేరినాడు. రైట్ 1867లో జన్మించినవాడు. యౌవనంలో గొప్ప ఖ్యాతి గడించినప్పటికీ, ఆర్థికమాంద్యం నాటికి చేతిలో పనులు లేక, గతకాలపు మనిషి అనిపించుకొంటున్న దశలో ఉన్నాడు. 1934 డిసెంబరులో ఆయన బేర్ రన్‌కు వచ్చి స్థలం చూచినాడు. తరువాత ఆ చోటి ఎత్తుపల్లాలను, పెద్ద బండలను, చెట్లను గుర్తించే పటమొకటి తయారు చేసి పంపవలసినదిగా కోరినాడు. 1935 మార్చిలో ఆ పటం సిద్ధమైనది.

ఆ పిమ్మట నెలలు గడచినవి గాని రైట్ కాగితం మీద గీత గీసినట్లు కనబడలేదు. సెప్టెంబరులో ఒకనాడు కాఫ్‌మన్ మిల్వాకీ నగరం నుండి ఫోను చేసి, నమూనా చూచుటకు తాను బయలుదేరి వస్తున్నానని చెప్పినాడు. కారు ప్రయాణం రెండు గంటలకు పైబడినది. రైట్ బల్ల ముందు కూర్చుండి గీయుట ప్రారంభించినాడనీ, శిష్యులు పెన్సిళ్లు చెక్కి అందించుచుండగా కాఫ్‌మన్ వచ్చే వేళకు ఇంటి రూపమంతా కాగితం మీదికి దిగినదనీ, ఆ శిష్యులే తరువాత చెప్పినారు.

ఈ కథను చాలమంది ఒక అద్భుతంగా చెప్పుకొంటారు. అయితే ఆ పటం ఆరు నెలలుగా ఆయన వద్ద ఉన్నదన్న సంగతి మరువరాదు. ఏ బండ ఎక్కడ ఉన్నదో, ఏ చెట్టును తప్పించవలెనో, నీటి మట్టానికి ఒడ్డు ఎంత ఎత్తో ఆయనకు కంఠస్థమై ఉండవలె. చేయి గీసినది రెండు గంటలు మాత్రమే. మనస్సు ఆ వాలు మీద తిరుగాడినది తొమ్మిది నెలలు.

కాఫ్‌మన్ కుటుంబం వారు జలపాతానికి ఎదురుగా, దానిని చూస్తూ కూర్చుండుటకు వీలైన ఇల్లు కోరుకొన్నారు. రైట్ ఇంటిని జలపాతానికే పైన నిలబెట్టినాడు. ఇంటిలో ఉన్నవారికి జలపాతం కనబడదు. దాని ధ్వని మాత్రం రాత్రింబవళ్లు వినబడుతుంది. జలపాతం చూచి వచ్చే ముచ్చటగా కాక, ప్రతిదినపు జీవితంలో భాగం కావలెనని ఆయన అభిప్రాయం.

చేయి చాచిన ఇల్లు

సెలయేటి ఒడ్డున స్థలం ఇరుకు. వెనుక నిటారైన రాతిచరియ, ముందు నీరు. ఆ ఇరుకులో విశాలమైన గదులు రావలెనంటే ఇల్లు నీటి మీదికి పోక తప్పదు. నీటిలో స్తంభాలు నిలిపితే దృశ్యం చెడుతుంది, వరదకు ఆటంకమవుతుంది. అందుచేత రైట్ ఒక చివర మాత్రమే ఆధారం గల దూలాల మీద ఇంటిని కట్టదలచినాడు. ఇంజనీర్లు దీనిని కాంటిలీవరు అంటారు.

నడుముకు ఆనించుకొన్న నీటి బిందె తేలికగానే ఉంటుంది. అదే బిందెను చేయి చాచి పట్టుకొంటే భుజం లాగివేస్తుంది. చేయి ఎంత దూరం చాస్తే బాధ అంత ఎక్కువ. చాచిన చేతికి పైవైపు నరాలు బిగుసుకొని సాగుతాయి, క్రిందివైపు కండ నొక్కుకొంటుంది. కాంటిలీవరు దూలంలోను ఇదే జరుగుతుంది. దాని పైభాగం సాగుతుంది, క్రింది భాగం నొక్కుకొంటుంది. కాంక్రీటు నొక్కుడును బాగా సహిస్తుంది గాని సాగుడును అంతగా సహించలేదు. కనుక సాగే చోట ఇనుప కడ్డీలు ఉంచవలె. రెండు గోడల మీద ఆనిన మామూలు దూలానికి కడ్డీలు ముఖ్యంగా క్రిందివైపు కావలె. కాంటిలీవరుకు పైవైపు కావలె. మన ఊళ్లలో కిటికీ మీద సన్‌షేడు పోసే మేస్త్రి కూడా ఈ సూత్రం ఎరిగినవాడే. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరైనా త్రొక్కి ఆ కడ్డీలను క్రిందికి దిగవేసినారా, సెంట్రింగు విప్పిననాడు సన్‌షేడు కూలవచ్చును.

ఫాలింగ్‌వాటర్ కూర్చుండు గది బండ మీద నిలిచిన నాలుగు దిట్టమైన ఆధారాలను దాటి సుమారు 15 అడుగులు నీటి మీదికి చాచుకొని ఉన్నది. దాని పై అంతస్తులోని టెర్రసు మరి 6 అడుగులు ముందుకు పోయినది. ఈ చాపు అంతటికీ ప్రతిబరువుగా ఇంటి వెనుక భాగం రాతిచరియకు అంటిపెట్టుకొని ఉన్నది. నిలువు గోడలన్నీ రాతివి. ఆ రాయి దూరం నుండి తెచ్చినది కాదు, ఆ సమీపాననే త్రవ్వి తీసిన ఇసుకరాయి. కొండలో రాతిపొరలు ఎట్లు ఒకదానిపై ఒకటి అడ్డంగా పరచుకొని ఉన్నవో, మేస్త్రీలు గోడలో రాళ్లను అట్లే పేర్చినారు. కాంక్రీటుకు లేత గోపీచందనపు ఛాయ, కిటికీల ఇనుముకు జేగురు రంగు వేసినారు.

నేలను రైట్ తలక్రిందులుగా కట్టినాడనవచ్చును. సాధారణంగా దూలాలు క్రింద, వాటి మీద శ్లాబు ఉంటాయి. ఇక్కడ శ్లాబు అడుగున ఉన్నది, దూలాలు దాని మీద ఉన్నవి. వాటి మీద కొయ్యపలకలు, పైన రాతిపలకలు పరచినారు. అందువల్ల సెలయేటిలో నిలిచి పైకి చూచేవానికి నునుపైన ఏకశిలవంటి అడుగుభాగం కనబడుతుంది. అందం మాత్రమే కాదు, దీనిలో ఉపయోగం కూడా ఉన్నది. కాంటిలీవరులో నొక్కుకొనేది అడుగుభాగం గదా! ఆ నొక్కుడును ఓర్చే వెడల్పైన కాంక్రీటు సరిగా అవసరమైన చోటనే వచ్చినది.

ఇంటి మొత్తం వైశాల్యంలో దాదాపు సగం ఆరుబయటి టెర్రసులే. కూర్చుండు గది నుండి వేలాడే మెట్లు తిన్నగా నీటిలోనికి దిగుతాయి. కుటుంబం వారు ఎండ కాచుకొన్న ఆ పెద్ద బండను పగులగొట్టలేదు. అది ఇంటి లోపల, చలిమంట పొయ్యి ముందు, నేలను చీల్చుకొని లేచినట్లు ఉన్నది. ఇంటి వెనుక దారిపై చరియ వరకు వేసిన కాంక్రీటు దూలాలలో ఒకటి ఒక చెట్టును తప్పించుటకు వంపు తిరిగినది.

శిల్పి, ఇంజనీరు

ఇంత సాహసాన్ని చూచి యజమాని సందేహపడుట సహజం. కాఫ్‌మన్ నమూనాలను పిట్స్‌బర్గు ఇంజనీర్లకు చూపినాడు. ఆ స్థలంలో అట్టి కట్టడం క్షేమం కాదని వారు నివేదిక ఇచ్చినారు. రైట్‌కు ఆగ్రహం వచ్చినది. అట్టి ఇంటికి మీరు తగరు, నా కాగితాలు నాకు పంపివేయుడని కబురు చేసినాడు. కాఫ్‌మన్ మెత్తబడినాడు. ఆ నివేదికను తరువాత ఇంటి రాతిగోడలోనే పెట్టి కప్పివేసినారని చెబుతారు.

1936లో కాంక్రీటు పని ఆరంభమైనది. ఇనుము లెక్కలను మరొకమారు పరీక్షించిన మెట్జ్‌గర్–రిచర్డ్‌సన్ అనే సంస్థ, కూర్చుండు గది దూలాలలో రైట్ కార్యాలయం వారు చూపిన కడ్డీలు చాలవని భావించి, రైట్‌కు తెలియకుండానే వాటిని రెట్టింపు చేసినది. సంగతి తెలిసిన రైట్ తనపై నమ్మకం లేనందుకు మండిపడి లేఖ వ్రాసినాడు. ఆయన దృష్టిలో అది అనవసరమైన బరువు, తన శాస్త్రజ్ఞానానికి అవమానం.

సెంట్రింగు విప్పిన తరువాత గది అంచు సుమారు ఒకటి ముప్పాతిక అంగుళం క్రిందికి దిగినది. పిట్టగోడలలో బీటలు కనబడినవి. కాఫ్‌మన్ కలవరపడి, ఒక టెర్రసు అడుగున రహస్యంగా ఆధారపు గోడ కట్టించినాడు. రైట్ దానిని కనిపెట్టి, మాట్లాడక, ఆ గోడ పై వరుస రాళ్లను తీసివేయించినాడట. నెల గడచిన పిమ్మట కాఫ్‌మన్ తాను చేసిన పని ఒప్పుకొనగా, రైట్ ఆయనను తీసుకొనిపోయి, గోడకు టెర్రసుకు మధ్య నున్న సందును చూపినాడట. టెర్రసు ఆ నెల దినాలూ తన బలంతోనే నిలిచినది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న మన సామెత ఈ కోటీశ్వరునికీ వర్తించినది. మొదట 35,000 డాలర్లలో ముగించవలెనని అనుకొన్న పని, ఎగువన అతిథిగృహంతో సహా 1939లో పూర్తి అయ్యేసరికి 155,000 డాలర్లయినది. వానాకాలంలో కారే నీటికి ఎన్ని బాల్టీలు పెట్టవలెనో లెక్కించి, కాఫ్‌మన్ దానిని ఏడు బాల్టీల ఇల్లని పరిహసించేవాడట. అయినను ఆయన దానిని విడువలేదు. ఆ ఇంటి మూలాన రైట్ పేరు మళ్లీ మారుమ్రోగినది. 1938 జనవరిలో టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖపత్రం మీద ముద్రించినది. వెనుక దృశ్యం ఆ ఇల్లే.

ఒరిగిన అంచులు

కాంక్రీటుకొక స్వభావం ఉన్నది. ఎడతెగని బరువు క్రింద అది ఏండ్ల తరబడి, కంటికి కనబడనంత మెల్లగా, రూపం మారుతూ పోతుంది. కాఫ్‌మన్‌కు టెర్రసుల సంగతి మనస్సులో మెదలుతూనే ఉండేది. సర్వేదారులచేత ఏండ్ల తరబడి కొలతలు తీయించినాడు. ఆయన 1955లో, రైట్ 1959లో మరణించినారు. కుమారుడు 1963లో ఇంటిని, చుట్టునున్న అడవిని వెస్టర్న్ పెన్సిల్వేనియా కన్సర్వెన్సీ అనే ప్రకృతి సంరక్షణ సంస్థకు దానమిచ్చినాడు. మరుసటి సంవత్సరం నుండి ప్రజలు చూచుటకు తెరచినారు.

1990 తరువాత పరీక్షించినప్పుడు టెర్రసుల చివర సుమారు 7 అంగుళాల మేర ఒరిగి ఉన్నట్లు తేలినది. 15 అడుగుల పొడవునకు 7 అంగుళాల వంపు చిన్నది కాదు. పైగా అది ఆగలేదు. రాబర్ట్ సిల్మన్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు దాని కారణాన్ని వెదకినారు. పై అంతస్తు టెర్రసు తన బరువును తాను మోయలేక, దక్షిణపు కిటికీల నడుమ నున్న నాలుగు సన్నని ఇనుప కమ్ముల ద్వారా క్రింది గది అంచు మీదికి మోపుతున్నది. రైట్ కార్యాలయం వారి లెక్కలో క్రింది దూలాలకు ఆ బరువు చేరలేదు. చాచిన చేతిలోని బిందె మీద మరొక బిందె ఎక్కినదన్నమాట. సెంట్రింగు కట్టేటప్పుడు, తరువాత దిగే కొలతను అంచనా వేసి అంచును కొంచెం ఎత్తుగా ఉంచుట పరిపాటి. ఆ జాగ్రత్త కూడా అక్కడ తీసుకొనలేదు.

వారు మరొక విషయం కనుగొన్నారు. నమూనాలో చూపిన కడ్డీలు మాత్రమే వేసి ఉంటే ఆ దూలాలు నిలిచేవి కావు. రైట్‌కు కోపం తెప్పించిన ఆ రెట్టింపు ఇనుమే ఇన్నేండ్లు ఇంటిని నిలిపినది. ఇంజనీర్ల భయం అకారణం కాదనీ, అయితే స్థలమే పనికిరాదన్న వారి మొదటి మాట కూడా పూర్తిగా సరికాదనీ దీనివలన తేలినది. బండ చెక్కుచెదరలేదు. లోపమంతా బండను దాటి బయటికి చాచిన దూలాలలోనే ఉన్నది.

1997లో సెలయేటిలో తాత్కాలికంగా ఇనుప ఆధారాలు నిలిపినారు. 2002లో అసలు మరమ్మతు జరిగినది. గది నేలపై పరచిన రాతిపలకలకు అంకెలు వేసి, ఒక్కొక్కటే ఎత్తి, జాగ్రత్తగా ప్రక్కన పెట్టినారు. ప్రధాన దూలాల వెంబడి మిక్కిలి బలమైన ఉక్కు తాళ్లు నడిపి, జాకీలతో బిగించి, చివరలను కాంక్రీటులో బంధించినారు. బిగిన తాడు వెనుకకు లాగుటవలన దూలం పైభాగంలోని సాగుడు తగ్గుతుంది. తరువాత రాతిపలకలను ఎక్కడివక్కడ పరచినారు. చూడవచ్చినవారికి ఆ తాళ్లు కనబడవు. 2019లో యునెస్కో వారు రైట్ నిర్మించిన ఎనిమిది కట్టడాలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినప్పుడు వాటిలో ఈ ఇల్లు కూడా ఉన్నది.

ఆధారం లేని సాహసాన్ని మనవారు నేల విడిచిన సాము అంటారు. ఫాలింగ్‌వాటర్‌ను తొలిచూపులో అట్లే అనాలనిపిస్తుంది. కాని ఆ ఇల్లు నేలను విడువలేదు. దాని రాతిగోడలు చరియను పట్టుకొని ఉన్నవి, దాని పొయ్యి కొండబండ మీదనే ఉన్నది. ఎచ్చట అది నేలను విడిచినదో అచ్చటనే లెక్క కావలసి వచ్చినది. ఆ లెక్కలో పొరపాటు జరిగిన మేరకు అది ఒరిగినది. వాలును చదును చేయక, ఉన్నదున్నట్లుగా గౌరవించిన శిల్పి లేనిదే ఆ ఇల్లు పుట్టేది కాదు. ఆయన మాటను కాదని కడ్డీలను రెట్టింపు చేసిన ఇంజనీర్లు లేనిదే అది మనకు మిగిలేది కాదు. జీవించి ఉన్నంతకాలం రైట్ ఈ రెండవ మాట ఒప్పుకొని ఉండడు.

మరమ్మతు చేసినవారు టెర్రసులను మొదటి మట్టానికి ఎత్తుటకు ప్రయత్నించలేదు. అన్నేండ్లుగా ఒరిగి కుదురుకొన్న కాంక్రీటును బలవంతంగా లేపితే క్రొత్త బీటలు పుట్టగలవు. కనుక వంపు ఇక పెరగకుండా మాత్రమే చేసినారు. బేర్ రన్ ఒడ్డున నిలిచి నిదానించి చూచేవారికి ఆ టెర్రసుల అంచు కొంచెంగా నీటివైపు వంగి ఉన్నట్లు నేటికీ కనబడుతుంది.